ఐదో వరుస ఖాళీ

హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లే విమానం నర్సీపట్నం దాటి రోలుగుంట దరిదాపులకు వచ్చిందనుకుందాం. అక్కడి నుంచి విశాఖ విమానాశ్రయం నేరుగా కొలిస్తే సుమారు 55 కిలోమీటర్లు. విమానం పదివేల అడుగుల ఎత్తుకు దిగి ఉంటుంది. కింద జీడితోటలు, ఎడమ పక్క తూర్పు కనుమలు. లోపల సీట్లు నిటారుగా పెట్టమనీ, బల్లలు మూసేయమనీ చెప్పడం అయిపోయి ఉంటుంది. ఇంకో పది పన్నెండు నిమిషాల్లో చక్రాలు నేలను తాకాలి.

సరిగ్గా అప్పుడు టవర్ నుంచి కబురు: సముద్రం వైపు నుంచి ఉరుముల మేఘం రన్‌వే మీదికి వచ్చేసింది, వాన దంచుతోంది, చూపు ఆనడం లేదు. కాసేపు గాల్లో చక్కర్లు కొట్టి చూడొచ్చు. తగ్గకపోతే? వెనక్కి తిరగాలా, ముందుకు పోవాలా, ఎక్కడ దిగాలి?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడంలో పైలట్‌కు సాయపడటానికి ఎయిర్‌బస్ వాళ్లు ఏ320 విమానంలో ఒక చిన్న పేజీ తయారుచేసి పెట్టారు. దాని పేరు క్లోజెస్ట్ ఎయిర్‌పోర్ట్స్, అంటే దగ్గరి విమానాశ్రయాలు. నేను మెచ్చుకోదలచుకున్న పనితనం ఆ పేజీది. చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. బొమ్మల్లేవు, మ్యాపు లేదు. ఇద్దరు పైలట్ల మధ్య, మోకాళ్ల ఎత్తులో, ఒక్కొక్కరికీ అరచేతికి కాస్త పెద్దదైన తెర ఒకటి ఉంటుంది. ఎంసీడీయూ అంటారు. మొత్తం 14 వరుసలు, వరుసకు 24 అక్షరాలు. ఏ320 తొలిసారి గాల్లోకి లేచింది 1987 ఫిబ్రవరి 22న. తెర కొలత ఆ కాలానిదే. ఇవాళ మన చేతిలోని ఫోన్లు ఆ తెరను చూసి నవ్వుకోవచ్చు. కానీ ఆ కాస్త చోటులో ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో తేల్చుకున్నవాళ్ల బుర్రకు దండం పెట్టాలి.

డేటా అన్న మీట నొక్కి, అందులోంచి ఈ పేజీలోకి వెళ్తే నాలుగు విమానాశ్రయాలు ప్రత్యక్షమవుతాయి. పేర్లుండవు, నాలుగేసి అక్షరాల కోడ్‌లుంటాయి. వీఓవీజెడ్ అంటే విశాఖ, వీఓఆర్‌వై రాజమండ్రి, వీఓబీజెడ్ విజయవాడ. ఒక్కోదాని పక్కన మూడు అంకెలు: ఏ దిక్కున ఉంది, ఎంత దూరం, ఎన్ని గంటలకు చేరతాం. అంతే. రెండో పేజీకి తిప్పితే మరో రెండు: అక్కడికి చేరేసరికి ట్యాంకుల్లో ఎంత ఇంధనం మిగులుతుంది, దారిలో గాలి ఎంత ఎదురొస్తుంది లేదా వెనక నుంచి తోస్తుంది. గాలి సంగతి పైలట్‌కు యంత్రం కంటే బాగా తెలిస్తే ఆ అంకెను తనే మార్చుకోవచ్చు. పైలట్ మార్చగలిగినవి లేత నీలంలో, యంత్రం లెక్కగట్టి చూపేవి ఆకుపచ్చలో. ఎక్కడ చెయ్యి పెట్టొచ్చో, ఎక్కడ పెట్టకూడదో రంగే చెప్పేస్తుంది.

ఇందులో ఒక చిన్న మీట నాకు మరీ ఇష్టం. జాబితాను ఆపేసే మీట అది. విమానం నిమిషానికి ఏడెనిమిది కిలోమీటర్లు పోతూ ఉంటుంది, పై ఎత్తుల్లో ఇంకా ఎక్కువ. పోయినకొద్దీ దగ్గరివి దూరమవుతాయి, దూరపువి దగ్గరవుతాయి, వరుసలు తారుమారవుతాయి. కెప్టెన్ రెండో వరుస చూపించి ‘ఇక్కడికి వెళ్దామా’ అంటూండగానే ఆ రెండో వరుసలో ఇంకో ఊరు వచ్చి కూర్చుంటే? అందుకే జాబితాను ఉన్నది ఉన్నట్టుగా నిలబెట్టే వీలు కల్పించారు. ఇద్దరు మనుషులు ఒకే కాగితం చూస్తూ మాట్లాడుకోవాలంటే ఆ కాగితం కదలకూడదు కదా. బల్ల దగ్గర లెక్కలు వేసుకున్న ఇంజనీరుకు ఈ ఆలోచన వచ్చి ఉండదనీ, కాక్‌పిట్‌లో కూర్చుని చూసినవాడెవడో అడిగి పెట్టించుకుని ఉంటాడనీ నా ఊహ.

అసలు చమత్కారం ఐదో వరుసలో ఉంది. నాలుగు వరుసలూ యంత్రం నింపుతుంది. ఐదోది ఖాళీగా వదిలేస్తుంది. అక్కడ పైలట్ తనకు కావలసిన విమానాశ్రయం కోడ్ టైపు చేసుకోవచ్చు. దిక్కు, దూరం, సమయం, మిగిలే ఇంధనం దానికీ లెక్కగట్టి ఇస్తుంది. ‘నాకు తెలిసిన దగ్గరివి ఇవీ. నీ మనసులో ఇంకేదైనా ఉందా?’ అని అడుగుతున్నట్టుంటుంది ఆ ఖాళీ.

రోలుగుంట మీద నిలబడి ఆ పేజీ చూస్తే ఖాళీ విలువ తెలుస్తుంది. విశాఖ 55 కిలోమీటర్లు, అదే మూసుకుపోయింది. రాజమండ్రి మధురపూడి సుమారు 115. విజయవాడ గన్నవరం 240 దాకా. ఆ తర్వాత రాయ్‌పూర్ 400, భువనేశ్వర్ 430, హైదరాబాద్ శంషాబాద్ 455, చెన్నై దాదాపు 590. ఎయిర్‌లైన్ తన డేటాబేస్‌లో ఏయే చిన్న విమానాశ్రయాలను ఉంచుకుందో దాన్ని బట్టి నాలుగో వరుస మారొచ్చు. ఎలా చూసినా శంషాబాద్ మాత్రం ఆ నాలుగింట్లోకి రాదు. రాయ్‌పూర్, భువనేశ్వర్ రెండూ దానికంటే దగ్గర. కానీ ఇక్కడి నుంచి దారి మళ్లాల్సి వస్తే చాలాసార్లు మొదట తలపుకు వచ్చేది శంషాబాదే. 4,260 మీటర్ల రన్‌వే, పక్కన ఇంకోటి, రాత్రీ పగలూ తెరిచే ఉండటం, చాలా విమానాలు బయల్దేరిందే అక్కడి నుంచి. అంటే పైలట్‌కు బాగా పనికొచ్చే జవాబు యంత్రం రాసిన నాలుగు వరుసల్లో ఉండకపోవచ్చు. తను రాసుకునే ఐదో దాంట్లో ఉండొచ్చు.

రోలుగుంటలో ఎవరికైనా గుండెనొప్పి వస్తే ఇంటివాళ్లు చేసే ఆలోచన కూడా ఇలాంటిదే. నర్సీపట్నం ఆస్పత్రి దగ్గర. కానీ కేసు గట్టిదనిపిస్తే అంబులెన్సును అనకాపల్లి మీదుగా విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు పరిగెత్తిస్తారు. దారిలో ప్రాణం నిలుస్తుందా అన్న బెంగ ఒక పక్క, చేరాక వైద్యం దక్కుతుందా అన్న లెక్క ఇంకో పక్క. దగ్గరగా ఉన్నది వేరు, దక్కేది వేరు.

కోస్తాలో ఈ తేడా మరీ ఎక్కువ. విశాఖ, రాజమండ్రి, విజయవాడ ఒకే తీరం వెంబడి ఉన్నాయి. బంగాళాఖాతంలో వాయుగుండం లేస్తే మూడింటి మీదా ఒకే మేఘం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడినప్పుడు విమానాశ్రయం పైకప్పే లేచిపోయింది, కొన్ని రోజులు విమానాలు దిగలేదు. అలాంటి రోజున దగ్గరివాటి జాబితా పట్టుకుని రాజమండ్రి వైపు తిరిగితే ఒక వానలోంచి ఇంకో వానలోకి పోయినట్టే. అదే కనుమలు దాటి దక్కన్ మీదికి వెళ్తే ఆకాశం వేరు. చలికాలపు తెల్లవారుజామున గన్నవరానికి మంచు బెడద ఉంటుంది. విశాఖలోనూ అదే సమయానికి మంచు పట్టి ఉంటే విజయవాడను నమ్ముకోవడం తెలివైన పని కాదు. ఈ సంగతులేవీ ఆ పేజీకి తెలియవు. అది కొలిచేది నేరుగా గీత గీసిన దూరం. గీత మధ్యలో కొండ ఉందా, ఉరుముల మేఘం ఉందా అని చూడదు. రన్‌వే పొడవు చూడదు. రాత్రి ఆ విమానాశ్రయం తెరిచి ఉంటుందా, దిగాక నిలబెట్టుకోవడానికి చోటుంటుందా, అగ్నిమాపక బండ్లు విమానం సైజుకు సరిపోతాయా అన్నదీ చూడదు. విశాఖ రన్‌వే నావికాదళానిది, ఐఎన్ఎస్ డేగ. పౌర విమానాలకు అక్కడ వాళ్ల సమయాల ప్రకారం నడుచుకోక తప్పదు. ఆ విషయం ఏ అంకెలోనూ కనబడదు.

తెలియనివి తెలిసినట్టు నటించకపోవడమే ఈ పేజీలోని మర్యాద అంటాను నేను. అది ‘ఇక్కడ దిగు’ అనదు. ‘ఇది మంచిది’ అని నక్షత్రాలూ ఇవ్వదు. తనకు ఖాయంగా తెలిసిన అయిదారు అంకెలు నిజాయితీగా పరిచి తప్పుకుంటుంది.

మిగతాది మనుషుల పని. అందులో సగం విమానం లేవకముందే అయిపోయి ఉంటుంది. ప్రతి ఎయిర్‌లైన్‌లోనూ ఫ్లైట్ డిస్పాచర్లుంటారు. మన దగ్గర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం పొందినవాళ్లు. ప్రయాణికులకు వీళ్ల ముఖం ఎప్పుడూ కనబడదు. దారిలో గాలులు, గమ్యం దగ్గర వాతావరణం, మూసి ఉన్న రన్‌వేలు, పనిచేయని దీపాలు, అన్నీ చూసి గమ్యంతో పాటు కనీసం ఒక ఆల్టర్నేట్ రాస్తారు. అంటే గమ్యంలో దిగలేకపోతే పోయే చోటు. ఆ చోటులో వాతావరణం విమానం చేరే సమయానికి సరిగ్గా ఉంటే సరిపోదు. ఆ సమయానికి అటూ ఇటూ కూడా నిలకడగా ఉండేలా చూడాలి. విమానాశ్రయాల వాతావరణ నివేదికలు మన దగ్గర అరగంటకొకటి వస్తాయి, ముందస్తు అంచనాలు వేరే వస్తాయి. డిస్పాచర్ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని అంచనా నిజమవుతోందా, తప్పుతోందా అని గమనిస్తూ ఉంటాడు. విమానం గాల్లో ఉండగా పరిస్థితి మారితే సందేశం పంపుతాడు. పైలట్‌కు కిటికీలోంచి ముందున్న మేఘం కనబడుతుంది. డిస్పాచర్‌కు ఆ మేఘం వెనక ఉన్న నాలుగు రాష్ట్రాలు కనబడతాయి.

ఇంధనం కూడా అక్కడే నిర్ణయమవుతుంది. గమ్యం దాకా పట్టేది, దానిమీద అనుకోని ఖర్చులకు కొంత, ఆల్టర్నేట్ దాకా పట్టేది, అన్నిటి కిందా అరగంట చివరి నిల్వ. ఆ అరగంటను విమానాశ్రయం మీద 1,500 అడుగుల ఎత్తున చక్కర్లు కొట్టడానికి పట్టే ఇంధనంగా కొలుస్తారు. ఏ320కి ఇది స్థూలంగా 1,100 నుంచి 1,200 కిలోలు. దాన్ని ముట్టుకోకుండా దిగాలన్నది లెక్క. ముట్టుకోవాల్సి రావచ్చని అనుమానం కలిగితే కంట్రోలర్‌తో ‘మినిమమ్ ఫ్యూయల్’ అనాలి. ముట్టుకోక తప్పదని లెక్క తేలితే ‘మేడే ఫ్యూయల్’. అది నేరుగా ఆపద కేక; దారిలో ఉన్న మిగతా విమానాలను పక్కకు జరిపించే కేక.

మరి ఎందుకైనా మంచిదని ట్యాంకులు నిండా నింపుకుంటే పోదా అంటారా? ఇంధనం మోయడానికీ ఇంధనమే కాల్చాలి. పైగా బరువెక్కిన విమానం తడి రన్‌వే మీద ఆగడానికి ఇంకా ఎక్కువ దూరం అడుగుతుంది. అతిజాగ్రత్తకూ ధర ఉంది.

ఈ లెక్కంతా ఒక్కసారిగా బిగుసుకుంటే ఏమవుతుందో 2015 ఆగస్టు 18న కేరళలో తెలిసింది. దోహా నుంచి కొచ్చి వచ్చిన జెట్ ఎయిర్‌వేస్ బోయింగ్ 737, చూపు ఆనక మూడుసార్లు దిగబోయి లేచింది. తిరువనంతపురం తిరిగింది. 200 కిలోమీటర్ల లోపే. అదే తీరం, అవే వానలు. అక్కడా చూపు ఆనలేదు. మళ్లీ మళ్లీ లేచి, మేడే పిలిచి, చివరికి ఏడో ప్రయత్నంలో దిగింది. దిగేసరికి ఆ అరగంట నిల్వను కూడా చాలామటుకు తినేసింది. అందరూ క్షేమం, అది అదృష్టం. దగ్గరగా ఉన్నదే తప్పుదారి పట్టించగలదని ఇంతకంటే సూటిగా చెప్పే ఉదాహరణ మన దేశంలో నాకు తెలిసి లేదు. ప్రతి విఫల ప్రయత్నం చేతిలో ఉన్న దారుల్లో ఒకదాన్ని చప్పుడు లేకుండా మూసేస్తుంది. మూడో ప్రయత్నానికి ముందు అందుబాటులో ఉన్న ఊళ్లు ఆ తర్వాత ఉండవు.

అందుకే మంచి కెప్టెన్లు ఈ పేజీని కష్టం వచ్చాక కాదు, రాకముందే తెరుస్తారు. ‘ఇంధనం ఇంతకు తగ్గితే ఇక విశాఖ మాట మరచిపోయి వెనక్కి తిరుగుతాం’ అని ఒక అంకె ముందే అనుకుని కో-పైలట్‌కు చెప్పి పెట్టుకుంటారు. ఆ అంకె పైకి చెప్పడంలోనే బలముంది. ఇంకొక్కసారి చూద్దాం అన్న ఆశ పుట్టినప్పుడు పక్కనున్న కుర్రాడు ‘సర్, మనం అనుకున్న అంకె వచ్చేసింది’ అనగలడు. జర్మనీలో పుట్టిన ఫోర్‌డెక్ అనే పద్ధతి చాలా ఎయిర్‌లైన్లలో నేర్పుతారు: ఏం జరిగింది, ఏమేం దారులున్నాయి, దేనిలో ఏ లాభం ఏ ముప్పు, నిర్ణయం, అమలు, మళ్లీ సరిచూసుకోవడం. పరీక్ష పాసవడానికి బట్టీ పట్టే సూత్రంలా కనిపిస్తుంది గానీ, చెవుల్లో గంటలు మోగుతున్నప్పుడు ఆలోచనకు వరుస ఇచ్చేది అలాంటి సూత్రమే.

తీరికగా వరుస పెట్టుకునే సమయం ఉండని సందర్భాలూ ఉన్నాయి. మంటలు రావడం లాంటి కొన్ని ప్రమాదాల్లో ఏ320 తెర మీద ‘ల్యాండ్ ఏఎస్ఏపీ’ అని ఎర్రటి అక్షరాలు వెలుగుతాయి. వీలైనంత త్వరగా, క్షేమంగా దిగగల దగ్గరి చోట దిగెయ్యమని. అవే అక్షరాలు పసుపు ఛాయలో వస్తే అర్థం మెత్తబడుతుంది: తగిన చోటు చూసుకుని దిగే ఆలోచన చెయ్యి. ఒకే మాటకు రెండు రంగుల్లో రెండు తీవ్రతలు. ఎర్రది వెలిగితే కేజీహెచ్ లెక్కలు వేసుకునే తీరిక ఉండదు. మొదటి నాలుగు వరుసలే దిక్కు.

ఇంకా తక్కువ సమయం దొరికిన రోజు 2009 జనవరి 15. న్యూయార్క్ లాగ్వార్డియా నుంచి లేచిన ఏ320 పక్షుల గుంపును ఢీకొని రెండు ఇంజన్లూ పోగొట్టుకుంది. పక్షులు తగలడానికీ నీళ్లమీద దిగడానికీ మధ్య 208 సెకన్లు. కంట్రోలర్ పాట్రిక్ హార్టెన్ లాగ్వార్డియా రన్‌వేలు ఇవ్వజూపాడు, న్యూజెర్సీలో టెటర్‌బరో ఇవ్వజూపాడు. కెప్టెన్ సల్లెన్‌బర్గర్ హడ్సన్ నదిని ఎంచుకున్నాడు. అందులో ఉన్న 155 మందీ బతికారు. తర్వాత విచారణలో సిమ్యులేటర్ మీద పైలట్లతో ప్రయత్నింపజేశారు. పక్షులు తగిలిన క్షణమే వెనక్కి తిప్పితే రన్‌వే అందినవి కొన్నున్నాయి. ఏం జరిగిందో గ్రహించడానికి మనిషికి పట్టే సమయంగా 35 సెకన్లు కలిపితే లాగ్వార్డియా అందలేదు. నది ఏ జాబితాలోనూ లేదు. అది ఐదో వరుస కూడా కాదు, పేజీ బయటి సంగతి.

అదే ఏడాది నాసా ఏమ్స్ పరిశోధకులు ఎమర్జెన్సీ ల్యాండింగ్ ప్లానర్ అనే పనిముట్టు గురించి ప్రచురించారు. దెబ్బతిన్న విమానానికి దిగే చోటు వెతికిపెట్టడం దాని పని. ఇది ఊళ్లను దూరాన్ని బట్టి కాక ముప్పును బట్టి పేరుస్తుంది. రన్‌వే పొడవు, ఎదురుగాలి, పక్కగాలి, మేఘాల ఎత్తు, దారిలో తుఫానులు, దిగే దారి కింద జనావాసాలు, చేరాక దొరికే సహాయం, అన్నిటినీ కలిపి లెక్కగడుతుంది. విమానాశ్రయాన్ని గాక ఒక్కో రన్‌వేను విడిగా చూస్తుంది. అదే ఊళ్లో ఒక రన్‌వే మంచిదీ ఇంకోటి చెడ్డదీ కావొచ్చు కదా. పైలట్లను సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి పరీక్షించారు. నాకు నచ్చింది ఇందులోనూ అదే సంయమనం: జాబితా ఇస్తుంది, ఎందుకు అలా పేర్చిందో చూసుకునే వీలిస్తుంది, ఎంపిక పైలట్‌కే వదిలేస్తుంది.

ఆ వదిలేయడాన్ని కూడా వదులుకున్న యంత్రాలు తర్వాత వచ్చాయి. చిన్న విమానాల కోసం గార్మిన్ చేసిన ఆటోల్యాండ్‌కు 2020లో అమెరికాలో అనుమతి దొరికింది. పైలట్ సొమ్మసిల్లితే ప్రయాణికుడు ఒక మీట నొక్కితే చాలు. చోటు ఎంచుకుని, రేడియోలో తనే చెప్పి, దింపి, ఇంజన్ ఆపేస్తుంది. ఎయిర్‌బస్ కూడా డ్రాగన్‌ఫ్లై పేరుతో ఏ350-1000 మీద ఇలాంటి ప్రయోగాలు చేసి 2023లో బయటపెట్టింది. పైలట్ లేనిచోట ఇవి ప్రాణదాతలే, సందేహం లేదు. ఇద్దరు పైలట్లు మెలకువగా ఉన్నచోట మాత్రం నా ఓటు ఇప్పటికీ ఆ పాత 24 అక్షరాల తెరకే. ముప్పు మొత్తాన్ని ఒకే అంకెగా కుదించి ఇస్తే దాన్ని ప్రశ్నించడానికి మనిషికి పట్టు దొరకదు. దూరం, సమయం, ఇంధనం అని విడివిడిగా ఇస్తే ప్రతిదాన్నీ తన అనుభవంతో రుద్ది చూసుకోగలడు.

విమానంలోకి 28 రోజులకోసారి కొత్త డేటాబేస్ ఎక్కిస్తారు. భోగాపురంలో మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు పేరిట 3,800 మీటర్ల రన్‌వేతో కట్టిన విమానాశ్రయం కోడ్ అందులో చేరితే, రోలుగుంట మీంచి తెరిచే పేజీలో రాజమండ్రి కంటే ముందు అదే వస్తుంది, 90 కిలోమీటర్ల దూరంతో. పొడవైన రన్‌వే, కొత్త పరికరాలు, మంచిదే. అయితే విశాఖ రన్‌వేకూ దానికీ మధ్య ఉన్నది 45 కిలోమీటర్లే, రెండూ సముద్రం ఒడ్డునే. తుఫాను రోజున విశాఖ విమానానికి ఆల్టర్నేట్ రాసే డిస్పాచర్ దాన్ని దాటుకుని హైదరాబాద్ వైపే చూస్తాడు, శంషాబాద్ దాకా ఇంధనం పోయిస్తాడు.